రాతిని చూచుట, రాతను చదువుట

ద్వారకా తిరుమలలో చిన వేంకటేశ్వరుని సేవించిన యాత్రికుడు కొల్లేటి వైపు వచ్చినచో ఆటపాకలో పడవ యెక్కి, గూడబాతులను చూచి మరలిపోవుచున్నాడు. 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద గుర్తింపు పొందిన సరస్సని ఆతనికి ఎవరైనను చెప్పవచ్చును. దశకుమార చరితమున మంత్రగుప్తుడు ఓష్ఠ్యాక్షరములు లేకుండ చెప్పిన కథలో, ఆంధ్రనగర సమీపమున దండి వర్ణించిన మహాసరస్సు ఇదియే యని పలువురు పండితులు తలచిరని చెప్పువారు అరుదు.

ఏలూరికి ఉత్తరమున నున్న పెదవేగి ప్రాచీన వేంగి. సముద్రగుప్తుని ప్రయాగ ప్రశస్తి పేర్కొనిన వైంగేయక హస్తివర్మ అచటి శాలంకాయన ప్రభువు. గుంటుపల్లి కొండలోని వర్తులాకార చైత్యగుహ క్రీస్తుపూర్వపు నాటిది. యువకులు సైకిళ్లపై, మోటారు సైకిళ్లపై ఇట్టి తావులకు పోవుట సంతోషదాయకమే. కాని రాతిని చూచుట వేరు, రాతను చదువుట వేరు.

విద్వాంసుడు దారి చూపువాడగుట చిన్నతనమని కొందరి భావన. దేవాలయ మండపమున పురాణము చెప్పిన పెద్దలు చేసిన పని మరేమి? అయితే స్థలపురాణమును శాసనమును కలగాపులగము చేయరాదు. ఆ వివేకము నేర్పవలసినవి ప్రాచ్య కళాశాలలే. భాషాప్రవీణ విద్యార్థికి ప్రాచీన లిపి నేర్పి, నెలకొక దినము పెదవేగికో గుంటుపల్లికో పంపిన చాలును. యాత్రికునకు జ్ఞానము, విద్యార్థికి జీవిక లభించును. ఆ స్థానమును మనము విడిచినచో కట్టుకథలు చెప్పువారు ఆక్రమింతురు. పిదప వగచి ఫలము లేదు.