లెక్క ఒకరిది, సంతకం ఒకరిది

మా బరంపురంలో ఈ మధ్య కొందరి ఇళ్లకు వెళితే హాల్లో అద్దం కట్టించిన సర్టిఫికెట్ ఒకటి కనిపిస్తోంది. ఋషికుల్య ముఖద్వారంలో తాబేళ్ల గణనకు స్వచ్ఛందంగా సేవ చేసినందుకు ఇచ్చినది. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. ఈ వ్యాసం దాని గురించే.

దూరాన ఉన్న పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. గంజాం దగ్గర ఋషికుల్య సముద్రంలో కలిసేచోట, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. శాస్త్రజ్ఞులు దీన్ని లోకానికి చెప్పింది 1994లో. ఒడ్డున ఉన్న పల్లెలవాళ్లకు అంతకుముందే తెలుసనుకోండి, కాని వాళ్లకు తెలియడాన్ని ఎవరూ తెలియడం కింద జమకట్టరు. ఉత్తరాన భితరకనిక జాతీయ వనమైంది, గహీర్మథ సముద్ర అభయారణ్యమైంది. ఋషికుల్యకు ఆ హోదా లేదు. అటవీశాఖ మనుషులు కొద్దిమంది. మిగతా కాపలా అంతా ఒడ్డునున్న పల్లెలదే. ఆ పల్లెల్లో ఒడియావాళ్లు నోలియాలని పిలిచే జాలర్లున్నారు. వాళ్ల ఇంటిభాష తెలుగు.

2025 ఫిబ్రవరిలో మేం పద్దెనిమిది మందిమి టోపీలు పెట్టుకుని బస్సులో వెళ్లాం. బ్యాంకువాళ్లం, లెక్చరర్లం, ఇద్దరు డాక్టర్లు. నాకు జతగా ఇచ్చిన జాలరి కుర్రాడికి పాతికేళ్లుంటాయి. అలల గీత నుంచి ఇసుక దిబ్బ వరకు తాడు పట్టీలు వేస్తారు. ఒక్కో పట్టీలో, ఆ సమయానికి గుడ్లు పెడుతున్న తాబేళ్లను మాత్రమే లెక్కపెట్టాలి. ఎక్కుతున్నవి కావు, దిగిపోతున్నవి కావు. పట్టీల లెక్కను తీరమంతటికీ హెచ్చిస్తారు కనుక ఇక్కడ ఒక్క తప్పు పడితే అక్కడ వందలవుతుంది. ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుతురులో నాకు అన్నీ ఒకేలా కనిపించాయి.

"అది రాయకండి బాబూ, పెట్టీసింది. గుంట పూడ్చి దిమ్మిస కొడతంది సూడండి" అన్నాడు కుర్రాడు. చూస్తే నిజమే. తాబేలు ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డిప్పతో ఇసుకను గట్టిపరుస్తోంది. తెల్లవారేదాకా చూసింది అతను, లెక్కపెట్టింది అతను. ఫారం ఇంగ్లీషులో ఉంది, అతను చదివింది ఒడియాలో. అందుకని రాసింది నేను, సంతకం పెట్టింది నేను. ఆ ఏడు మొత్తం లెక్క దాదాపు 7 లక్షలని పత్రికల్లో వచ్చింది. సర్టిఫికెట్ నాకు వచ్చింది. అతని పేరు ఎక్కడా లేదు.

నేను బీకామ్ చదివి, జీవితమంతా బ్యాంకులో గడిపినవాణ్ణి. నోట్ల కట్టకు చుట్టే చీటీ మీద లెక్కపెట్టినవాడి సంతకం ఉంటుంది. పక్కన నిలబడి చూసిన ఆఫీసరు పెట్టి ఊరుకుంటే అది కట్ట కాదు, కాగితాలు. అదే తప్పు నేను సముద్రం ఒడ్డున చేశాను.

దీని గురించి మిత్రులతో మాట్లాడితే నాకు వచ్చిన మొదటి జవాబు, "స్వచ్ఛంద సేవకు పేరేమిటి, డబ్బేమిటి?" అని. నెల తిరిగేసరికి జీతం పడే మనకు ఆ మాట అనడం తేలిక. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ ముఖద్వారం ముందు 20 కిలోమీటర్ల మేర చేపలవేట నిషేధం. అందుకు ప్రభుత్వం జాలరి కుటుంబానికి ఇచ్చే సాయం మొదట 7,500 రూపాయలు, తర్వాత 15,000 చేశారు. నిషేధం 212 రోజులు. భాగించి చూడండి: రోజుకు 70 రూపాయల 75 పైసలు, ఇంటిల్లిపాదికీ. ఆ ఇంటి కుర్రాడు రాత్రంతా నిద్ర కాచి తాబేళ్లు లెక్కపెడితే దాన్ని సేవ అని మనం పేరు పెట్టి, కూలి ఎగ్గొడుతున్నాం.

రెండో జవాబు ఇంకా ఘాటైనది. "తాబేళ్లను చంపేది ఆ జాలర్లే కదా" అని. వాళ్ల వలల్లో తాబేళ్లు పడవని నేననను. కాని తాబేలు తప్పించుకునే పరికరం వలకు బిగించాలన్న నిబంధన ట్రాలర్లకు ఉంది. దాన్ని బిగించని యజమానులెవరో నోలియాలను అడిగితే చెబుతారు. మా సంఘంలో ఎవరూ అడగలేదు.

2024లో ఋషికుల్యలో సామూహికంగా గుడ్లు పెట్టడం జరగలేదు. ఆ ఏడు మా బస్సు కదల్లేదు, టోపీలు కుట్టించలేదు. ఆ కుర్రాడు, అతని జతగాళ్లు మాత్రం రోజూ రాత్రి నడిచారట. తాబేళ్లు రాలేదని తెలియాలన్నా ఎవరో ఒకరు నడిచి చూడాలి గదా! లావాదేవీ లేని నెలలోనూ 'నిల్' స్టేట్‌మెంటు పంపకపోతే హెడ్డాఫీసు నుంచి ఎలాంటి ఉత్తరం వస్తుందో నాకు తెలుసు. సున్నా రాసినవాడికి మాత్రం సర్టిఫికెట్ లేదు.

పెట్టిన 45, 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వెలుతురు ఎటుంటే అటే పాకుతాయి. ఊళ్ల దీపాలవైపు వెళ్లి చచ్చిపోకుండా వలలు కట్టి, ఏరి, బకెట్లతో సముద్రంలో వదలాలి. ఫొటోకు అంతగా అక్కరకొచ్చే పని కాదు. మా పద్దెనిమిది మందిలో దానికి వెళ్లినవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో నేను లేను.

ఇంకొక మాట మన భాషాభిమానులకు. మనం వలస రాలేదు, 1936లో సరిహద్దే కదిలిందని ప్రతి ఉగాది సభలోనూ చెప్పుకుంటాం. అదే జిల్లాలో, అదే భాష మాట్లాడే నోలియాను ఆ సభకు ఏనాడైనా పిలిచామా? ఫారం తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చువేయించడానికి మన సంఘానికి ఎంత ఖర్చవుతుంది? ఉగాది పచ్చడికయ్యేంత కూడా కాదు.

నా సర్టిఫికెట్ తిరిగి పంపించేశాను. దానితోపాటు ఆ రాత్రి లెక్క చేసిన కుర్రాడి పేరు రాసి, అతని పేర ఇంకొకటి ఇవ్వమనీ, రాత్రికింతని కూలి కట్టమనీ అడిగాను. ఫారంలో అలాంటి గడి లేదని ఫోనులో చెప్పారు. స్కేలు పెట్టి గడి గీసి, ఫారం మళ్లీ పంపాను.