ప్రశ్నార్థకాలు

తెలుగు ఎమ్మే చదివినవాడికి కంప్యూటరుతో ఏం పని అని పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ అడిగింది. అప్పట్లో నా దగ్గర జవాబు లేదు. ఆ పని పెట్టింది మా నాన్నగారు.

ఆయన ముప్ఫయ్యేళ్ళు తెలుగు పండితులుగా పనిచేశారు. సెలవుల్లో ఒంగోలు వైపు పల్లెలు తిరిగి, రైతులూ సాలెవారూ కుమ్మరులూ వాడే మాటలు నాలుగు నోటు పుస్తకాల నిండా రాసుకున్నారు. మొత్తం 1,486 మాటలు. వాటిని నలుగురూ చూసేటట్లు ఇంటర్నెట్టులో పెట్టాలని 2009లో నాకు బుద్ధి పుట్టింది.

పక్కింటి కుర్రాడు, “పీహెచ్‌పీ నేర్చుకోండి మాస్టారూ” అన్నాడు. రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన తన సొంత పేజీ కోసం చేసుకొని, 1995లో లోకానికి ఇచ్చేసిన పనిముట్టు అది. నాబోటి వాడికి సరిగ్గా సరిపోయింది. పేజీలో కావలసినచోట నాలుగు పంక్తులు ఇరికిస్తే చాలు, కొట్టుగదిలోంచి మాట తెచ్చి చూపెడుతుంది. ఆ కొట్టుగది పేరు మైసీక్వెల్.

నాన్నగారికి ఉత్సాహం వచ్చింది. అప్పటికే చూపు మందగించి రాయడం మానేశారు. రోజూ సాయంత్రం ఊరినుంచి ఫోను. “ఒరే, ఇంకో మాట జ్ఞాపకం వచ్చిందిరా, రాసుకో.” నేను కాగితం మీద రాసుకోలేదు, నేరుగా కంప్యూటరులో కొట్టాను. 2012లో ఆయన పోయేనాటికి అలా చేరిన మాటలు 312. అవి ఏ నోటు పుస్తకంలోనూ లేవు.

ఇక వెబ్ పేజీల లోకం సంగతి చెప్పాలి. అక్కడి ఫ్యాషన్లు మా ఆవిడ జాకెట్టు చేతుల కంటే త్వరగా మారతాయి. పేజీలో కదలికంతా జావాస్క్రిప్టు అనే భాషది. దాన్ని 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశాడు. పది రోజుల వంట కదా, లోకం ఇప్పటికీ ఉప్పు సరిచూస్తూనే వుంది. 2006లో జేక్వెరీ వచ్చింది, 2010లో యాంగులర్ జేఎస్, 2013లో రియాక్ట్. వీటిలో కొన్నింటిని ఫ్రేమ్‌వర్కులంటారు. అంటే వాసాలూ దూలాలూ ముందే నిలబెట్టి ఇస్తారు, గోడలు మనం కట్టుకోవాలి. సుఖమే. కాని వాసాలవాడు మోడల్ మారిస్తే మన గోడలు కూడా పడగొట్టుకోవాలి.

2014 సంక్రాంతికి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా పాత శిష్యుడు ఇంటికి వచ్చి, “ఇంకా పీహెచ్‌పీయేనా సార్?” అని నవ్వాడు. ఛందస్సు తప్పు పట్టినా అంత సిగ్గుపడను. రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని యాంగులర్ జేఎస్‌లో అంతా తిరగరాశాను. కొత్తచోట స్థలం అద్దెకు తీసుకొని, ఒకరాత్రి పాత కొట్టులోని మాటలన్నీ కొత్త కొట్టులోకి పోశాను. లెక్క చూశాను. 1,798. ఒక్కటి కూడా తగ్గలేదు. తృప్తిగా పాత అద్దె రద్దు చేసి పడుకున్నాను.

తెల్లవారి చూస్తే పేజీ నిండా ప్రశ్నార్థకాలు!

కారణం చిన్నది. కొట్టు తలుపు తీసినప్పుడల్లా, వచ్చేవి ఏ దేశపు అక్షరాలో చెప్పాలి. చెప్పకపోతే ఆ రోజుల్లో అది లాటిన్ అక్షరాలే అనుకొనేది. వాటి వరుస కూడా స్వీడన్ వారి అకారాది. తయారుచేసినది స్వీడన్ కంపెనీ మరి. (2018లో ఆ అలవాటు మార్చారు.) మాటలు మోసుకువెళ్ళే చిన్న ప్రోగ్రాము నేనే రాశాను. ఆ ఒక్క పంక్తి మరిచిపోయాను. ఎరగని అక్షరం వచ్చినచోటల్లా యంత్రం ఒక ప్రశ్నార్థకం పెట్టుకుంటూ పోయింది. పాత స్థలం అప్పటికే తుడిచేశారు.

నోటు పుస్తకాల్లోని మాటలు వేసవి సెలవుల్లో మళ్ళీ కొట్టుకున్నాను. మిగతా 312 అలాగే వుండిపోయాయి. ఆ దిగులుతోనే తరవాతి ఫ్యాషన్లు వెంటబడి నడిచాను. 2016లో యాంగులర్ రెండో అవతారం వచ్చింది. పేరు పాతదే, పాత రాతకు పనికిరాదు. రియాక్ట్‌లోకి మారాను. పాత యాంగులర్‌కు 2021 ఆఖరుతో ఆలనాపాలనా కూడా ఆపేశారు. 2022లో అన్నీ తీసేసి వట్టి హెచ్‌టీఎమ్మెల్ పేజీలు రాసుకున్నాను. సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్ లీ 1991లో పెట్టిన మొదటి పేజీ ఇప్పటి బ్రౌజర్లలో కూడా తెరుచుకుంటుంది. నాకు ఆ మాత్రం చాలు.

అలా అన్నీ సర్దుతుండగా, ఒకరోజు ఆ ప్రశ్నార్థకాల వంక ఊరికే చూస్తూ కూర్చున్నాను. మాటకూ మాటకూ మధ్య ఖాళీలు చెక్కుచెదరలేదు. అక్షరానికి ఒకటి చొప్పున ప్రశ్నార్థకాలు కూడా లెక్క తప్పలేదు. అయితే యంత్రం అక్షరాల లెక్క మన లెక్క కాదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. దానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అంటే ప్రతి మాట పొడవూ నాకు తెలుసు!

ఒక వరుసలో మాటకు ఆరు గుర్తులు. అర్థంలో నాలుగు పదాలు. అయిదు, ఆరు, అయిదు, రెండు. సేద్యం మాటలకు నేను పెట్టుకున్న అంకె పక్కనే వుంది. రెండు గుర్తుల మాట ఏమిటా అని మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకొని, చివరికి అమ్మను అడిగాను. కూర తరుగుతూ, “వల కాబోలు. ఎద్దు మూతికి కట్టే వల. చిక్కం” అన్నది. గుర్తులు లెక్కపెట్టాను. అన్నీ సరిపోయాయి.

అప్పటినుంచి అమ్మకు అదే వ్యాపకం. 187 దొరికాయి. అనుమానం వున్నవి పేజీలో పెట్టలేదు.

మొన్న రాత్రి పదకొండింటికి తలుపు తట్టింది. “ఏడు గుర్తులది ఒకటి వుందన్నావు కదరా, అర్థం ఆరు, నాలుగు, ఆరు? గింజలు పోసే గిన్నె. గొర్రుకు పైన వుంటుంది చూడు, జడ్డిగం” అని, నేను కంప్యూటరు తీసేలోపల తానే వేళ్ళు మడిచింది. “జ, డ, పొల్లు, డ, గుడి, గ, సున్న.”