ట్రైసైక్లిక్ మందులు: ఏది దేనితో పడదు

ట్రైసైక్లిక్ మందుల్లో మొదటిది ఇమిప్రమిన్. డిప్రెషన్‌పై అది పనిచేస్తుందని స్విట్జర్లాండ్ వైద్యుడు రోలండ్ కున్ 1957లో ప్రకటించాడు. ఇప్పుడు డిప్రెషన్‌కు ఈ మందుల వాడకం తగ్గింది. కానీ నరాల నొప్పికి, మైగ్రేన్ నివారణకు అమిట్రిప్టిలిన్ 10, 25 మిల్లీగ్రాముల మాత్రలు రాస్తూనే ఉన్నారు.

ఇవి ప్రధానంగా కాలేయంలో విచ్ఛిన్నమవుతాయి. ఆ పని చేసే సీవైపీ2డీ6 ఎంజైమును ఫ్లూఓక్సెటిన్, పారాక్సెటిన్ అడ్డుకుంటాయి. అప్పుడు రక్తంలో ట్రైసైక్లిక్ మందు కొన్ని రెట్లు పెరగవచ్చు. ఫ్లూఓక్సెటిన్ మానేసినా ఈ ప్రభావం వారాలపాటు ఉంటుంది. కార్బమజెపిన్ ఇందుకు విరుద్ధంగా మందు స్థాయిని తగ్గిస్తుంది.

దుష్ఫలితాలు ఒకదానికొకటి తోడై పెరగడం మరో రకం చిక్కు. అరికాళ్ల మంటకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ వేసుకునే పెద్దాయన జలుబుకు క్లోర్‌ఫెనిరమిన్ కలిపితే నోరు పిడచకట్టుకుపోతుంది, మలబద్ధకం ముదురుతుంది, ప్రోస్టేట్ పెరిగి ఉంటే మూత్రం ఆగిపోవచ్చు. మద్యంతో మగత పెరుగుతుంది. ట్రమడాల్‌తో ఫిట్స్, ఒంట్లో సెరటోనిన్ మితిమీరే సెరటోనిన్ సిండ్రోమ్ ముప్పు ఉంది. గుండె లయను సరిచేసే కొన్ని మందులతో కలిస్తే ఆ లయే తప్పవచ్చు. ఇక క్లోనిడిన్ బీపీని తగ్గించే శక్తిని ట్రైసైక్లిక్ మందులు దెబ్బతీస్తాయి.

ఎంఏఓ నిరోధకాలనే మరో రకం డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రాణాపాయం. రెంటి మధ్య సాధారణంగా 14 రోజుల ఎడం పాటిస్తారు. యాంటీబయాటిక్ లినెజోలిడ్‌కూ ఎంఏఓను నిరోధించే గుణముంది. కొత్త మందు రాసే వైద్యుడికి, పంటి వైద్యుడికి సైతం, పాత చీటీ చూపించడం తప్పనిసరి.