పంచాయతీకి ఉద్దెర ఖాతా ఎందుకు?

ఎండాకాలంలో ఊరి బోరు మోటరు కాలిపోతే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. తెల్లారేసరికి నల్లాలు ఆగిపోతాయి. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పొలాల బావుల దారి పడతారు. పశువుల తొట్లలో చుక్క నీరుండదు. సర్పంచి మండల కేంద్రంలోని మోటర్ల షాపుకు ఫోన్ చేసి, ముందు మోటరు పంపు, బిల్లు సంగతి తర్వాత చూద్దాం అంటాడు. షాపాయన పంపుతాడు. అయితే ఆ 'తర్వాత' అంటే ఎన్ని నెలలో ఆయనకు అనుభవమే. అందుకే నగదు చేతిలో పెట్టే రైతుకు ఒక ధర చెబుతాడు, పంచాయతీకి ఇంకో ధర రాస్తాడు.

ఇది మనకు తెలియని లెక్కేమీ కాదు. వానాకాలం మొదట్లో విత్తనం, మందు ఉద్దెర తెచ్చి, పంట అమ్మినాక కట్టే రైతు నగదు రైతు కంటే ఎక్కువే కడతాడు. దుకాణం పద్దులో వడ్డీ అని రాయరు, అది ధరలోనే కలిసి ఉంటుంది. మన పంచాయతీలు కూడా ఏళ్ల తరబడి ఉద్దెర రైతుల్లాగే బతుకుతున్నాయి. కొనుగోళ్ల మాట వస్తే అందరం అవినీతి గురించే మాట్లాడతాం. అవినీతి ఉంది, కాదనం. కానీ ఆలస్యం వల్ల కారిపోయే సొమ్మును ఎవరూ లెక్కేయడం లేదు. పైగా అవినీతికి దారి వేసేది కూడా ఆ ఆలస్యమే. న్యాయమైన ధరకు సరుకిచ్చే చిన్న వ్యాపారి ఒకటి రెండు సార్లు దెబ్బ తిని పంచాయతీ ముఖం చూడడం మానేస్తాడు. చివరికి మిగిలేది ఏడాదైనా ఆగగల స్తోమతున్నవాడు, లేదా బిల్లు పాస్ చేయించుకునే దారి తెలిసినవాడు. మూడు కొటేషన్లు కావాలంటే మూడూ ఒకే చేతిరాతతో తెచ్చి పెట్టేది వీళ్లే.

ఒక సీసీ రోడ్డు సంగతే చూడండి. అంచనా, సాంకేతిక అనుమతి, ఒప్పందం, ఆ తర్వాత పని. ఏఈ వచ్చి కొలతలు ఎంబీలో ఎక్కించాలి. బిల్లు ట్రెజరీకి చేరితే టోకెన్ నంబరు వస్తుంది. అక్కడి నుంచి ఎదురుచూపులే. పై నుంచి ఆంక్షలు ఉన్నాయంటారు. పంచాయతీ ఖాతాలో డబ్బు కనిపిస్తూనే ఉంటుంది, చేతికి రాదు. ఇందులో మనం కట్టిన ఇంటి పన్ను, నల్లా బిల్లు కూడా ఉంటాయి. మన ఊరి పన్నుతో మన ఊళ్లో వేసిన పనికి డబ్బు ఇవ్వడానికి హైదరాబాద్ అనుమతి దేనికో మాకు ఇప్పటికీ అర్థం కాదు.

2024 ఫిబ్రవరి మొదట్లో తెలంగాణలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో ఎన్నికలు జరిగేదాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేనిదే 15వ ఆర్థిక సంఘం నిధులు విడుదల కావు. ఆ నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. అంటే దాదాపు రెండేళ్లు ఆగింది ఏదో అదనపు సొమ్ము కాదు, మోటరు, పైపులైను, మోరీల సొమ్ము. పాత సర్పంచుల్లో చాలామంది చేసిన పనుల బిల్లుల కోసం రోడ్డెక్కారు. వాళ్లలో అప్పు తెచ్చి పని చేయించినవాళ్లున్నారు, ఆ అప్పు మీద వడ్డీ ఇంకా నడుస్తున్నవాళ్లున్నారు. కొత్తగా గెలిచినవాళ్లు ఇది చూసి కూడా సొంత డబ్బు పెట్టి పని మొదలుపెడతారనుకోవడం అమాయకత్వం.

ట్రాక్టర్ల అనుభవం ఇంకోటి ఉంది. పల్లె ప్రగతి కాలంలో ప్రతి పంచాయతీ ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కొనాలన్నారు. చెత్త తీయడానికి, మొక్కలకు నీళ్లు పోయడానికి అవి పనికొచ్చిన మాట నిజం. కానీ వెయ్యి గడపలున్న ఊరికీ, రెండు వందల గడపలు కూడా లేని తండాకూ ఒకటే కొలత పెట్టారు. చిన్న పంచాయతీల్లో బ్యాంకు కిస్తీ, డీజిల్, డ్రైవర్ జీతం పోగా ఇంకో పనికి ఏం మిగులుతుంది? రెండు మూడు తండాలు కలిసి ఒక ట్రాక్టర్ వాడుకోవడానికి ఏ అడ్డంకీ లేదు, అలా అడిగే అవకాశమే వాటికి ఇవ్వలేదు. ఏం కొనాలో ఊరు నిర్ణయించుకోలేనప్పుడు ఎంతకు కొన్నారన్న లెక్క సగం లెక్కే.

అలాగని అన్నీ కలిపి కొనాలని మేము అనం. వీధి లైట్లు, మోటర్లు, పైపులు మండలం మొత్తానికి కలిపి రేటు ఖరారు చేసుకుంటే ధర తగ్గుతుంది, గ్యారంటీ అడిగే బలమూ వస్తుంది. బ్లీచింగ్ పొడి అలా కాదు. కొత్త పొడిలో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. ఎండకూ తేమకూ అది తగ్గిపోతుంది. ఏడాదికి సరిపడా బస్తాలు తెచ్చి పంచాయతీ గదిలో పేరిస్తే వానలు పడేనాటికి చల్లేది ఉత్త సున్నం లాంటిదే. దాన్ని నెలనెలా కొంచెం కొంచెం తెచ్చుకోవాలి. ఆన్‌లైన్ కొనుగోళ్ల విషయమూ అంతే. కేంద్రం 2023 ఏప్రిల్‌లో జెమ్ పోర్టల్‌ను ఈ-గ్రామ్‌స్వరాజ్‌తో కలిపింది. ధరలు నలుగురికీ కనిపించడం మంచిదే. కాకపోతే రాత్రి పదింటికి మోటరు కాలితే విప్పి చూసేది మండల కేంద్రంలోని మెకానిక్కే, పోర్టల్ కాదు.

సరుకు దిగినప్పుడు చూసేదెవరు? ఇది మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న. పొలంలో ఎరువు బస్తా దిగితే లెక్కపెట్టుకుంటాం, కుట్టు ఊడిందా అని చూస్తాం. పంచాయతీకి లైట్లు దిగినప్పుడు మాత్రం ఎవరమూ ఆ వైపు పోము. సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్ ప్రకారం పనిని తనిఖీ చేయవచ్చు, రికార్డులు చూసి రాసుకోవచ్చు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇమ్మని కూడా అడగవచ్చు. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. ఉపాధి హామీ పనుల్లో మస్టర్లను ఊరి మధ్య చదివి వినిపించే సామాజిక తనిఖీ 2006లో ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. కూలీల పైసలకు పెట్టిన ఆ పద్ధతిని పైపులకు, సిమెంటుకు పెట్టడానికి వెనకాడడం దేనికి? 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలంటోంది. ఆ సభలో ఏం కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకు కొన్నారు, బిల్లు ఎక్కడ ఆగింది అన్నది చదవడానికి పావుగంట చాలు.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. పంచాయతీ పనులు చేసినవాళ్లలో మన సంఘం సభ్యులూ ఉన్నారు. వాళ్ల బకాయిల కోసం సంఘం నిలబడుతుంది, వాళ్ల పని కొలతలు సభలో చదవమని కూడా సంఘమే అడుగుతుంది. సగం సీట్లలో మహిళలు సర్పంచులయ్యారు. చాలా చోట్ల చెల్లింపులకు వాడే డిజిటల్ కీ మాత్రం భర్త జేబులోనో, కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులోనో ఉంటోంది. మన ఇళ్లలో గెలిచిన అక్కాచెల్లెళ్ల విషయంలో దీన్ని ముందు మనమే సరిదిద్దాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేది పెద్దదేం కాదు. కొలతలు పూర్తయిన బిల్లును 30 రోజుల్లో చెల్లించాలి, దాటితే ఎందుకు దాటిందో రాసి పంచాయతీ గోడకు అంటించాలి. పంచాయతీ సొంత పన్నుల సొమ్ముపై ట్రెజరీ ఆంక్షలు ఎత్తేయాలి. పాత సర్పంచుల బకాయిలను తనిఖీ చేసి, నిజమైనవి వెంటనే తీర్చాలి. 2026 మార్చి 31తో 15వ ఆర్థిక సంఘం కాలం ముగిసి, ఏప్రిల్ నుంచి కొత్త సంఘం లెక్క మొదలవుతుంది. పాత బాకీలతోనే కొత్త ఖాతా తెరిస్తే షాపాయన రాసే ధర మారదు.

గ్రామ శాఖలకు ఒక పని అప్పగిస్తున్నాం. వచ్చే గ్రామసభకు ముందే పంచాయతీ స్టాకు రిజిస్టరు చూడండి. ఆఖరున కొన్న మోటరుకు ఎంత రాశారో నోట్ చేసుకుని, అదే మోటరు నగదుకు ఎంతకిస్తారో షాపులో అడగండి. రెండు ధరలూ రాసి, బిల్లు తేదీ, చెల్లించిన తేదీ జతచేసి మండల కమిటీకి పంపండి.