పగటి నిద్ర మానుతున్న బిడ్డ



రాప్తాడు చుట్టుప్రక్కల చేలలో పనిచేసే తల్లులు కొందరు మమ్మును ఒక ప్రశ్న అడుగుచున్నారు. మూడేండ్ల బిడ్డ మధ్యాహ్నము ఎంత జోకొట్టినా కన్ను మూయదు. పొద్దుగూకే వేళకు మాత్రము అయినదానికీ కానిదానికీ ఏడుస్తుంది. ఏమి చెయ్యాలి? వినడానికి ఇది చిన్న సంగతే. కాని బిడ్డ నిద్రపోయే ఆ గంట రెండు గంటలే తల్లికి చేతులు ఖాళీ అయ్యే వేళ. విత్తనానికి శెనక్కాయలు ఒలిచేది, బట్టలు ఉతికేది, తాను కాస్త నడుము వాల్చేది అప్పుడే. ఆ వేళ పోతే ఇంటి పని అంతా తారుమారవుతుంది. గనుక ఈ నెల దీనిని గురించే మాట్లాడుకుందాము.

మొదట ఒక మాట. పగటి నిద్ర మానడము మొండితనము కాదు, దిష్టి కాదు, జబ్బూ కాదు. ఎదుగుదలలో అదొక మెట్టు. పసికందు పగలనక రేయనక నిద్రపోతుంది. ఏడాది నిండే నాటికి సాధారణముగా పగలు రెండు నిద్రలు మిగులుతాయి. ఏడాదిన్నర ప్రాంతములో అవి ఒకటవుతాయి. ఆ ఒక్కటి కూడా చాలామంది పిల్లలకు మూడేండ్లకు, ఐదేండ్లకు మధ్య పోతుంది. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు ముందుగా మానవచ్చు, మరొకరు బడికి పోయే వరకు పడుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారము ఒకటి రెండేండ్ల బిడ్డకు రోజుకు 11 నుండి 14 గంటలు, మూడు నాలుగేండ్ల బిడ్డకు 10 నుండి 13 గంటలు నిద్ర కావాలి. ఇది పగలు, రాత్రి కలిపిన లెక్క. పగటి వాటా తగ్గితే రాత్రి వాటా పెరగాలి. ఈ లెక్క గుర్తుంచుకుంటే సగము చిక్కు విడిపోతుంది.

నిజముగా మానుతున్నదా?

రెండేండ్లు నిండని బిడ్డ నాలుగు రోజులు పడుకోకపోతే నిద్ర మానేసిందని అనుకోవద్దు. జ్వరము, పండ్లు వచ్చే నొప్పి, ఇంటికి చుట్టాలు రావడము, చెల్లెలో తమ్ముడో పుట్టడము - ఇటువంటి కారణము ఉంటుంది. అది తీరితే నిద్ర మరలా వస్తుంది. మూడేండ్లు దాటిన బిడ్డ రెండు మూడు వారాలుగా చాప మీద దొర్లుతూ నిద్రపోకుండా ఉంటే, పగలు పడుకోని రోజున కూడా సాయంత్రము వరకు చలాకీగా ఆడుకుంటూ ఉంటే, పగలు పడుకున్న రోజున రాత్రి పదింటి వరకు మేలుకొని ఉంటే - అప్పుడు మానుతున్నదని తెలుసుకోవచ్చు.

అటువంటి బిడ్డను కొట్టి, బెదిరించి పడుకోబెట్టవద్దు. ఆస్ట్రేలియా దేశములో పిల్లల సంరక్షణ కేంద్రాలను పరిశీలించి 2015లో ప్రకటించిన అధ్యయనము ఒకటి ఉన్నది. పగలు గంటకు మించి తప్పనిసరిగా పడుకోబెట్టిన కేంద్రాలలోని పిల్లలు రాత్రి తక్కువ నిద్రపోయారని అందులో తేలింది. బలవంతముగా మధ్యాహ్నము సంపాదించిన గంటను తల్లి రాత్రి తిరిగి ఇచ్చుకోవలసి వస్తుంది.

నిద్ర పోయినా విశ్రాంతి పోకూడదు

మన అనంతపురము ఎండలు ఎటువంటివో చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలలలో మిట్టమధ్యాహ్నము బిడ్డను బయట తిరగనివ్వరాదు. కాబట్టి నిద్ర రాకపోయినా ఆ వేళకు చాప పరచండి. కొంచెము చీకటిగా ఉండే మూల చూడండి. గుడ్డ బొమ్మ, ఖాళీ గిన్నెలు, పాత బొమ్మల పుస్తకము ఏదైనా ఇచ్చి, "నిద్రపోవద్దులే, ఊరకే ఇక్కడ ఆడుకో" అని చెప్పండి. మొదట పది నిమిషాలు, తరువాత అరగంట, మెల్లగా గంట అలవాటవుతుంది. ఒక్కొక్క రోజు తానే నిద్రపోతుంది. పోనివ్వండి. కాని మూడు గంటలకంతా మెల్లగా లేపండి. సాయంత్రము ఐదింటికి నిద్రపోయిన బిడ్డ అర్ధరాత్రి వరకు ఇంటిల్లిపాదినీ మేల్కొలుపుతుంది.

పగలు పడుకోని రోజున రాత్రి భోజనము, పడక అరగంట నుండి గంట వరకు ముందుకు జరపండి. పొద్దుగూకగానే సంగటో అన్నమో తినిపించి, కాళ్లు చేతులు కడిగి, ఏడున్నర ఎనిమిదింటికి పడుకోబెట్టాలి. పెద్దల వంట అయ్యే వరకు ఆపితే బిడ్డ తినకనే ఏడ్చి ఏడ్చి పడుకుంటుంది. కుటుంబ ప్రార్థన కూడా బిడ్డ పడుకోక మునుపే క్లుప్తముగా చేసుకోవచ్చు. రాత్రి కూటములకు పోయేటప్పుడు ఒక దుప్పటి వెంట తీసుకొనిపోండి.

జాగ్రత్తలు

మేలుకొని ఉన్న బిడ్డ తిరిగే బిడ్డ. మన ప్రాంతములో దీనికి కొన్ని ప్రత్యేకమైన అపాయాలున్నాయి. తల్లి కాయలు ఒలిచేటప్పుడు ప్రక్కన కూర్చున్న బిడ్డ విత్తనాలు నోట్లో వేసుకుంటుంది. ఐదేండ్ల లోపు పిల్లలకు శెనగవిత్తు గొంతుకు అడ్డుపడవచ్చు, శ్వాసనాళములోకి పోవచ్చు. పొడి చేసో చట్నీ చేసో పెట్టండి గాని గింజలుగా పెట్టవద్దు. ఒలిచే చోటికి బిడ్డను దూరముగా కూర్చోబెట్టండి.

నీళ్ల తొట్లకు, డ్రమ్ములకు మూతలు ఉండాలి. కరువు మూలముగా ఎండిపోయిన బోర్లు మన చేలలో ఎన్నో ఉన్నాయి. పాడుబడిన బోరును పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. మీ చేనులో గాని ప్రక్క చేనులో గాని తెరచి ఉన్న బోరు కనబడితే రేపటికి వాయిదా వెయ్యవద్దు. హైదరాబాదు - బెంగుళూరు రహదారి ప్రక్కన ఇండ్లు ఉన్నవారు వాకిలికి గొళ్లెము ఎత్తుగా పెట్టించండి.

నిద్ర కోసమని దగ్గు మందు పట్టించేవారు కొందరున్నారు. ఇది ఎంత మాత్రము తగదు. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేండ్ల లోపు పిల్లలకు ఇవ్వరాదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి ఉత్తరువు ఇచ్చారు. మత్తు నిద్ర మంచి నిద్ర కాదు. బిడ్డ గురక పెడుతూ ఊపిరి తీసుకోవడానికి అవస్థ పడినా, పగలంతా నీరసముగా ఉన్నా డాక్టరుకు చూపించండి.

ఇక తండ్రులకు, ఇంటిలోని పెద్దలకు ఒక మనవి. తల్లికి పోయిన గంటను ఇంటివారు పంచుకోవాలి. అవ్వ కథ చెబుతూ అరగంట కూర్చోవచ్చు. సాయంత్రము బిడ్డ విసిగించే వేళకు తండ్రి ఎత్తుకొని వీధిలో తిప్పి వస్తే ఆమె పొయ్యి దగ్గర పని ముగించుకుంటుంది. మూడేండ్లు నిండిన బిడ్డను అంగన్‌వాడీకి పంపితే పగలు కొన్ని గంటలు ఆటపాటలతో గడుస్తాయి, భోజనమూ దొరుకుతుంది.

ఈ మార్పు వారములో ముగిసేది కాదు. కొన్ని నెలల వరకు ఒకరోజు పడుకుంటుంది, రెండు రోజులు పడుకోదు. పడుకోని సాయంత్రము బిడ్డ ఏడిస్తే అది అలసట అని తెలుసుకొని, తిట్టక, అన్నము ముందుగా పెట్టి ప్రక్కన పడుకోబెట్టుకోండి. మీ అనుభవాలు మాకు వ్రాస్తే మరికొందరు తల్లులకు సహాయముగా ఉంటాయి.