మన ఇంటి లైటుకు పరాయి సర్వరెందుకు?

2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికా కంపెనీ ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా తన సర్వర్లు ఆపేసింది. ఆ కంపెనీ స్విచ్‌లూ డిమ్మర్లూ గోడల్లో బిగించుకున్నవాళ్ల ఇళ్లలో కరెంటు ఉంది, వైఫై ఉంది, పరికరాలు నిక్షేపంగా ఉన్నాయి. యాప్ మాత్రం పలకడం మానేసింది. అంతకు ఆరేళ్ల ముందు, ఇంట్లోని స్మార్ట్ పరికరాలను కలిపే రివాల్వ్ అనే హబ్ కథ ఇంకా ఘోరం. 300 డాలర్లు పోసి కొన్న ఆ హబ్‌ను, దాని యజమాని అయిన నెస్ట్ సంస్థ 2016 మే 15న పూర్తిగా ఆపేసింది. జీవితకాల సేవ అని నమ్మి కొన్న వస్తువు అది.

ఇన్‌స్టియాన్ వినియోగదారుల్లో కొందరు మాత్రం ఈ దెబ్బ నుంచి తప్పించుకున్నారు. ఇన్‌స్టియాన్ హబ్‌తో ఇంటి నెట్‌వర్క్ లోపలి నుంచే మాట్లాడే వీలుంది. వాళ్లు దాన్ని తమ ఇంట్లోనే నడిచే హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు కలుపుకున్నారు. పౌలస్ షౌట్సెన్ 2013లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ రాస్‌ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. నా దృష్టిలో స్మార్ట్ వస్తువు కొనేటప్పుడు చూడవలసిన మొదటి గుణం ఇదే: కంపెనీ లేకపోయినా అది నా ఇంట్లో పనిచేస్తుందా?

మన బజార్లో దొరికే చవక స్మార్ట్ బల్బులూ ప్లగ్గులూ చాలావరకు అలా పనిచేయవు. మంచం మీద నుంచి ఫోన్‌లో ‘ఆఫ్’ నొక్కితే, ఆ మాట రౌటర్ దాటి, ఎక్కడో పరాయి దేశంలో ఉన్న సర్వర్‌ దాకా వెళ్లి, తిరిగొచ్చి, పది అడుగుల దూరంలోని దీపాన్ని ఆర్పుతుంది. వీధిలో ఫైబర్ తెగితే దీపం ఆరదు. పైగా మీరు ఏ వేళకు పడుకుంటారో, ఊరెళ్లి ఎన్నాళ్లకు వస్తారో ఆ సర్వర్‌కు తెలిసిపోతుంది.

నిజానికి ఈ పనికి కావలసిన సర్వర్ గోరంత చిప్‌లో ఇముడుతుంది. షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ 2014లో తెచ్చిన ఈఎస్‌పీ8266 అలాంటిదే. మన ప్రోగ్రామ్ వాడుకోడానికి దానిలో ఉండే మెమరీ 80 కిలోబైట్ల లోపే. ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఆ చిప్ ఉన్న బోర్డు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దాన్ని వైఫైకి కలిపితే రౌటర్ 192.168.1.40 లాంటి చిరునామా ఇస్తుంది. ఇలాంటి అంకెలను 1996లోనే ప్రైవేటు నెట్‌వర్కుల కోసం కేటాయించేశారు కాబట్టి అది గడప దాటని చిరునామా. ఫోన్ బ్రౌజర్‌లో ఆ అంకెలు కొడితే చిప్ ఒక చిన్న పేజీ పంపుతుంది, అందులో ఒక బటన్. నొక్కగానే చిప్ తన పిన్నుకు 3.3 వోల్టులు ఇస్తుంది, దానికి తగిలించిన రిలే అనే చిన్న విద్యుత్ స్విచ్ టక్కుమని 230 వోల్టుల లైను కలుపుతుంది. ఖాతా లేదు, ఓటీపీ లేదు, నెలవారీ చందా లేదు. ప్రోగ్రామ్ రాయడం రానివాళ్లకు థియో అరెండ్స్ మొదలుపెట్టిన టస్మోటా అనే రెడీమేడ్ ప్రోగ్రామ్ ఉచితంగా ఉంది. బల్గేరియా కంపెనీ షెల్లీ అయితే వెబ్ సర్వర్‌ను తన పరికరాల లోపలే పెట్టి అమ్ముతోంది.

మన ఇళ్లలో దీని విలువ లైట్ల దగ్గర కంటే నీళ్ల మోటారు దగ్గర బాగా తెలుస్తుంది. మోటారు వేశాక నెట్ పోయిందనుకోండి, ఆపమన్న ఆజ్ఞ రాదు, ట్యాంకు పొంగి నీళ్లు వీధిలో పారతాయి. ట్యాంకులోని ఫ్లోట్ స్విచ్‌ను ఇంట్లోని చిప్‌కే కలిపితే, నిండగానే ఎవర్నీ అడక్కుండా అదే ఆపేస్తుంది. (మోటారును మాత్రం చిన్న రిలేతో నడపకూడదు. మధ్యలో కాంటాక్టర్ ఉండాలి, పని తెలిసిన ఎలక్ట్రీషియనే బిగించాలి.)

‘డాలస్‌లో ఉన్న అబ్బాయి గుంటూరులో అమ్మానాన్నల ఇల్లు చూసుకోవద్దా?’ అని అడుగుతారు. చూసుకోవచ్చు. దానికి ఇంటి రౌటర్‌లో పోర్టు తెరిచి, ఆ చిన్న సర్వర్‌ను లోకం మీదకు వదలడం మాత్రం ప్రమాదం. తనను తాను కాపాడుకునే శక్తి దానికి లేదు. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకుంటే అబ్బాయి ఫోన్ ఇంటి నెట్‌వర్క్‌లో ఒకటవుతుంది, మూడోవాళ్లు రాలేరు. ఈ ఏర్పాటు సొంతంగా చేసుకోవడం అందరివల్లా కాదని నాకూ తెలుసు. రౌటర్ మార్చిన రోజు అన్నీ మళ్లీ కలుపుకోవాలి. అందుకే గోడ మీది స్విచ్ తీసేయవద్దంటాను. ఇంట్లో పెద్దవాళ్ల చెయ్యి అలవాటుగా వెళ్లేది దాని మీదికే.

అయినా ఈ భారమంతా కొనేవాడి నెత్తిన వేయడం న్యాయం కాదు. భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారులు చెప్పి తీరాలని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం అమల్లో ఉంది. ఫ్రిజ్ ఎంత కరెంటు తాగుతుందో నక్షత్రాలతో చూపించడం మనకు 2006 నుంచి తెలుసు. స్మార్ట్ స్విచ్ పెట్టె మీద కూడా రెండు సంగతులు తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇంటర్నెట్ లేకపోతే ఇది పనిచేస్తుందా? కంపెనీ సర్వర్‌ను ఏ సంవత్సరం దాకా నడుపుతుంది?