సంతకం పెట్టనివాడి రియాక్టర్ మనకొద్దు

అణు కరెంటు మంచిదా చెడ్డదా అంటే తడుముకోకుండా చెబుతాను: మంచిదే. కానీ దాని పేరు చెప్పి శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కుదుర్చుకుంటున్న బేరం మాత్రం చెడ్డది. ఈ రెండింటినీ కలగలిపి, బేరాన్ని ప్రశ్నించిన ప్రతివాడికీ అభివృద్ధి నిరోధకుడని ముద్ర వేస్తున్నారు. ఆ నోరు మూయించే ఎత్తుగడకు లొంగేది లేదు.

మంచి సంగతే ముందు చెప్పుకుందాం. గోదావరి తెచ్చే ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోతోంది. డెల్టా నేల కుంగుతోంది. భూమి వేడెక్కి సముద్రం పైకి వస్తోంది. ఉప్పాడలో ఇళ్లను అల మింగేస్తుంటే చూస్తూనే ఉన్నాం. నరసాపురంలో బతుకుతూ బొగ్గు పొగను సమర్థించేవాడు తన కాళ్ల కింద నేలను తానే తవ్వుకుంటున్నట్టు. ఒక యూనిట్ కరెంటుకు బొగ్గు దాదాపు 820 గ్రాముల కర్బన ఉద్గారాలు వదిలితే అణు విద్యుత్తు 12 గ్రాములతో సరిపెడుతుందని ఐపీసీసీ 2014లోనే లెక్క చెప్పింది. పొద్దుగుంకితే సోలార్ పలకలు నిద్రపోతాయి, రియాక్టర్ నిద్రపోదు. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2018 చివరికి ఏకబిగిన 962 రోజులు నడిచి ప్రపంచ రికార్డు కొట్టింది. 2004 డిసెంబరు 26న సునామీ కల్పాక్కం పంపుహౌస్‌లోకి దూసుకొచ్చినా అక్కడి రియాక్టర్‌ను మన ఇంజనీర్లు క్షేమంగా ఆపారు. వాళ్ల సత్తా మీద నాకు అనుమానం లేదు.

నా అనుమానమల్లా డబ్బు మీద, చట్టం మీద, ప్రమాదం జరిగిన మర్నాడు ఎవడు కనపడతాడన్న దాని మీద.

ఆ మర్నాడు ఎలా ఉంటుందో ఈ డెల్టాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బద్దలై 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో ఏం జరిగింది? తెల్లవారుజామున గెయిల్ పైపు నుంచి గ్యాస్ లీకై మంచులా ఊరంతా కమ్ముకుంది. టీ కొట్టులో పొయ్యి వెలిగించారు. అంతే, ఊరు అంటుకుంది. కొబ్బరి చెట్లు మొవ్వుతో సహా మాడిపోయాయి, పక్షులు కాలి రాలాయి, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోయారు. 20 మందికి పైగా చనిపోయారు. ఎవరిదో తెలిసిన పైపు, ఎవరిదో తెలిసిన తప్పు కాబట్టి బాధితులు ఒక గుమ్మం ముందు నిలబడి అడగగలిగారు.

కొవ్వాడలో ఆ గుమ్మమే లేకుండా చేశారు.

2010లో పార్లమెంటు చేసిన అణు నష్టపరిహార చట్టంలో 17వ సెక్షన్ ఉండేది. భోపాల్ గాయం మానని దేశం పట్టుబట్టి పెట్టించుకున్న సెక్షన్ అది. సరఫరా చేసిన పరికరం లోపభూయిష్టమైతే, పరిహారం కట్టిన ఆపరేటర్ ఆ సొమ్మును సరఫరాదారు నుంచి రాబట్టుకునే వీలుండేది. అమెరికా కంపెనీలకు ఇదే గిట్టలేదు. పదిహేనేళ్లు ఒత్తిడి తెచ్చాయి. 2025 డిసెంబరులో ‘శాంతి’ అనే కొత్త చట్టం వచ్చింది, పాత చట్టం రద్దయింది, ఆ వెసులుబాటు ఎగిరిపోయింది. ఇప్పుడు ఒప్పందంలో రాసుకుంటేనో, కావాలని హాని చేశారని తేలితేనో తప్ప నాసిరకం సరుకు అమ్మినవాడి జోలికి పోలేం.

ఇక ఆపరేటర్ కట్టే సొమ్ము చూడండి. కొవ్వాడకు అనుకుంటున్న ఏపీ-1000 రియాక్టర్ ఉష్ణ సామర్థ్యం దాదాపు 3,400 మెగావాట్లు. కొత్త చట్టంలో ఆ తరగతికి పరిమితి రూ.1,500 కోట్లు. 2010లోనూ అంతే. పదిహేనేళ్లలో బియ్యం ధర పెరిగింది, ఎకరం ధర పెరిగింది, మన ప్రాణం ధర మాత్రం పెరగలేదు. ఫుకుషిమా నష్టానికి జపాన్ ప్రభుత్వం 2016లో వేసిన లెక్క 21.5 లక్షల కోట్ల యెన్‌లు, మన డబ్బులో పది లక్షల కోట్ల రూపాయల పైమాటే. అంత నష్టం ఇక్కడ జరిగితే, వెయ్యి రూపాయలకు ఆపరేటర్ ఇచ్చేది రూపాయిన్నర కూడా కాదు. పైన కేంద్రం ఏదో కలుపుతుంది, అదీ మన పన్నుల సొమ్మే. మిగతాది కొవ్వాడ, రామచంద్రపురం, గూడెం, కోటపాలెం జనం మోయాలి. భూమిచ్చిందీ వాళ్లే, వేట వదులుకోవాల్సిందీ వాళ్లే, చివరికి నష్టం భరించేదీ వాళ్లేనా?

ఆ రియాక్టర్ చేసే అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ చరిత్ర కూడా వినండి. గుజరాత్‌లోని మిఠీవిర్డి జనం వద్దని తరిమితే 2016లో ఆ ప్రాజెక్టును కొవ్వాడకు మళ్లించారు. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. అమెరికాలోని దక్షిణ కరోలినాలో దాదాపు 900 కోట్ల డాలర్లు పోశాక రెండు రియాక్టర్లను సగంలో వదిలేశారు. జార్జియాలోని వోగ్టల్‌లో పూర్తయిన రెండింటికి ఏడేళ్లు ఆలస్యమై, ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. సొంత దేశంలో రెండింటికే ఆపసోపాలు పడ్డవాళ్లు ఇక్కడ ఆరు కడతారట!

“కొవ్వాడ ఎక్కడ, మనమెక్కడ?” అనుకునే నరసాపురం, మొగల్తూరు, భీమవరం రొయ్య రైతులకు ఒక మాట. జపాన్ ఫుకుషిమా నీటిని శుద్ధి చేసి సముద్రంలోకి వదలడం మొదలుపెట్టగానే 2023 ఆగస్టులో చైనా ఆ దేశపు చేపలన్నీ నిషేధించింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సరేనన్నా వినలేదు. 2025లో అమెరికా సుంకం 50 శాతానికి పెంచితేనే మన చెరువు గట్ల మీద ఎంత ఏడుపు విన్నాం! రేపు కొవ్వాడలో చిన్న లీకు వార్త వస్తే చాలు, ఆంధ్రా వనామీ రొయ్యల కంటైనర్ ఏ రేవులోనూ దిగదు. కొనేవాడు కొవ్వాడకూ భీమవరానికీ మధ్య దూరం కొలుస్తూ కూర్చోడు. ఆ నష్టానికి మనం ఎవరి తలుపు తట్టాలి?

“అలా పట్టుబడితే విదేశీ కంపెనీలు రావు” అంటారు. రాకపోతే మానెయ్యండి! గుజరాత్‌లోని కాక్రపార్‌లో మనవాళ్లే డిజైన్ చేసి, మనవాళ్లే కట్టిన 700 మెగావాట్ల రియాక్టర్లు రెండు 2023, 2024ల్లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. ఇంధనం హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతుంది. భారజలం మన మణుగూరులో తయారవుతుంది. ఇంత చేతిలో ఉంచుకుని, బాధ్యత అనగానే పారిపోయేవాడి కాళ్లు పట్టుకోవడం దేశానికి తలవంపు.

లక్షల ఏళ్లకొకసారి కూడా ప్రమాదం జరగదని అమ్మేవాళ్లే చెబుతున్నారు. అంత నమ్మకమే ఉంటే పూచీకత్తు రాయడానికి చెయ్యెందుకు వణుకుతోంది? తన సరుకు మీద తనకే లేని నమ్మకం కొవ్వాడ మత్స్యకారుడికి ఎలా వస్తుంది?

మీ ఎంపీని, ఎమ్మెల్యేని మూడే అడగండి. సరఫరాదారు బాధ్యతను తిరిగి చట్టంలో పెట్టమనండి. పరిహారానికి ఆ రూ.1,500 కోట్ల గీత చెరిపెయ్యమనండి. కొవ్వాడ ఒప్పందంలోని ప్రతి షరతునూ తెలుగులో అచ్చువేసి, సంతకాలకు ముందే గ్రామసభల్లో చదివి వినిపించమనండి. ఈ మూడూ జరిగితే అణు కేంద్రానికి నేనే ముందు ఓటేస్తాను. జరగకపోతే ఆ రియాక్టర్ ఎంత గొప్పదైనా సరే, ఈ తీరంలో దానికి చోటివ్వకూడదు.